నురగ నిలవట్లేదని చక్కెర పెంచకు తమ్ముడూ

నీ ప్రశ్న రెండుసార్లు చదివేను. మీ బావ బయటదేశం నుంచి తెచ్చిన సామానుతో గుణుపురంలో 20 లీటర్ల బీరు కాసేవు. మొదటిసారి గ్యాసు కోసం 150 గ్రాముల చక్కెర వేసి సీసాలు నింపితే సగం సీసాలు చప్పగా, సగం పొంగి, ఏ సీసా పోసినా నురగ నిమిషంలో మాయం. రెండోసారి 200 గ్రాములు వేస్తే మూత తియ్యగానే గోడకి కొట్టింది, గ్లాసులో నురగ మాత్రం మళ్ళీ అంతే. పైగా "మా కొండమీద జీలుగు కల్లు కుండ దాటి నురగ కక్కుతాది, నా బీరుకి ఏటి రోగం అన్నా" అని అడిగేవు.

నీ బీరుకి ఒక రోగం కాదు, రెండున్నాయి. గ్యాసు తక్కువో ఎక్కువో అవడం ఒకటి, నురగ నిలవకపోవడం ఇంకొకటి. నువ్వు రెండోదానికి మొదటిదాని మందు వేసేవు, అందుకే గోడకి కొట్టింది. గ్యాసు నురగని లేపుతాది అంతే, నిలబెట్టదు. నిలబెట్టేది వేరే సరుకు.

చట్టం మాట ఒక్కసారే చెప్పి వదిలేస్తాను. లైసెన్సు లేకుండా మద్యం తయారుచెయ్యడం మన ఎక్సైజ్ చట్టాల్లో నేరమే, కాబట్టి ఆ సంగతి కనుక్కున్నాకే మళ్ళీ పొయ్యి వెలిగించు. నేను 11 ఏళ్ళు బెంగుళూరులో లైసెన్సున్న ఒక బ్రూపబ్‌లో, అంటే అక్కడే బీరు కాచి అమ్మే చోట, పనిచేసేను, పర్లాకిమిడి తిరిగి వచ్చేసేక ఇంట్లో ఈస్ట్ వేసి చేసేది అల్లం సోడా ఒక్కటే. సీసా లోపల జరిగే లెక్క రెండింటికీ ఒక్కటే గనక చెప్తున్నాను.

ముందు ఆ జీలుగు కల్లు సంగతి. కల్లులో ఈస్ట్ ఇంకా చక్కెర తింటూనే ఉంటాది, కింద నుంచి గ్యాసు ఆగకుండా తోస్తానే ఉంటాది, నువ్వు చూసే నురగ నిలబడ్డ నురగ కాదు, పాతది పగిలేలోపు కొత్తది వచ్చేస్తోంది అంతే. బీరులో ఆ పని అయిపోయింది, ఒక్కసారి లేచిన నురగ తన బలం మీద తను నిలవాలి. అందుకని కల్లుతో పోల్చుకుని బాధపడకు.

మరి దాని బలం ఎక్కడిది? మీ అమ్మ కందిపప్పు ఉడికించినప్పుడు చూడు, గిన్నె అంచు దాకా నురగ పొంగుతాది, ఆవిడ చుక్క నూనె వేస్తాది, టక్కున దిగిపోతాది. నీకు కావలసిన పాఠం మొత్తం ఆ గిన్నెలోనే ఉంది. పప్పులోని ప్రొటీన్ బుడగ చుట్టూ చర్మంలాగ పట్టుకుంటాది కాబట్టి నురగ పొంగింది, నూనె ఆ చర్మాన్ని చింపేసింది కాబట్టి దిగింది. బీరులోనూ అంతే, బార్లీ మాల్ట్‌లోంచి, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలోంచి, వచ్చిన ప్రొటీన్లు, హాప్స్ అనే పువ్వుల్లోని చేదు పదార్థం రెండూ కలిసి బుడగ చుట్టూ చర్మం కడతాయి, చేదు వల్లే ఆ నురగ గ్లాసు అంచుకి లేసులాగ అంటుకుని ఉంటాది. నూనె, నెయ్యి, పాలమీగడ, సబ్బు ఏది తగిలినా అయిపోయింది.

అందుకని నీ బీరుని తిట్టుకునే ముందు గ్లాసుని అనుమానించు. నాకు వచ్చిన "నురగ రాట్లేదు" కంప్లయింట్లలో చాలావాటికి గ్లాసే దొంగ. మన ఇళ్ళల్లో పొద్దున్న పాలు తాగిన గ్లాసే సాయంత్రం దేనికైనా వాడతాం, ఒడిశా వైపు ఆవనూనె వంట ఎక్కువ, అదే పీచుతో మూకుడూ తోముతాం గ్లాసూ తోముతాం. కంటికి మెరుస్తూనే ఉంటాది గానీ లోపల సన్నటి జిడ్డు పొర. ఇవాళే ఒక పని చెయ్యి, ఒకేలాంటి రెండు గ్లాసులు తీసుకో. ఒకటి ఎప్పటిలాగే ఉంచు. రెండోది కిరాణా కొట్లో దొరికే చాకలి సోడా వేడినీళ్ళలో కలిపి కొత్త స్పాంజితో తోమి, నాలుగైదుసార్లు మంచినీళ్ళతో కడిగి, బోర్లించి గాలికే ఆరబెట్టు, తువ్వాలుతో తుడవకు, తువ్వాల్లో ఉన్న జిడ్డంతా మళ్ళీ లోపలికి ఎక్కుతాది. ఆరేక లోపల నీళ్ళు చల్లి చూడు, నీరు ఒకే పల్చటి పొరలాగ జారితే శుభ్రం, చుక్కలు చుక్కలుగా విడిపోతే జిడ్డుంది. ఇప్పుడు ఒకే సీసా రెండింట్లోనూ సగం సగం పొయ్యి. పోసేక గ్లాసు గోడలకి బుడగలు గుచ్చినట్టు అతుక్కుని కనిపిస్తే ఆ గ్లాసు ముఖం మళ్ళీ చూడకు.

ఇంకో మాట, పక్కన ఏం తింటున్నావు? బరంపురం అప్పడాలు వేయించుకుని, చేపల వేపుడు పెట్టుకుని, నూనె పెదాలతో గ్లాసు ఎత్తితే మొదటి గుక్కకే నురగ దిగిపోతాది, మీసం ఉంటే ఇంకా తొందరగా. ఇది తప్పు కాదు, అప్పడం మానెయ్యమని చెప్పే మనిషిని కాదు నేను, కానీ నురగ సంగతి తేల్చే రోజు మాత్రం ఉట్టి నోటితో కూర్చో.

శుభ్రమైన గ్లాసులో కూడా నిమిషంలో పోయిందనుకో, అప్పుడు కాసిన చోటికి వెళ్దాం. నువ్వు రాసిన లెక్కలో 5 కిలోల గింజలో 1.5 కిలో బియ్యం ఉంది, అంటే 30 శాతం. ఎందుకు వేసేవో అర్థమైంది, కోరాపుట్ వైపు లందా బియ్యంతోనే కాస్తారు కదా అని. లందా చిక్కగా గంజిలాగ తాగేది, దాన్ని నురగ కోసం ఎవరూ అడగరు. బీరులో బియ్యం పడితే తేలిగ్గా, పొడిగా వస్తాది, నిజమే, కానీ బియ్యం నుంచి నురగకి పనికొచ్చే ప్రొటీన్ దాదాపు ఏమీ రాదు, బార్లీ ఇచ్చినదాన్ని కూడా నీళ్ళు పోసి పల్చన చేసినట్టు అవుతాది. బియ్యం అరకిలోకి దించు, ఆ ఖాళీలో అరకిలో గోధుమ మాల్ట్, అరకిలో బార్లీ మాల్ట్ వెయ్యి. మొత్తం గింజలో 10 శాతం గోధుమ మాల్ట్ చాలు తేడా కంటికి కనపడ్డానికి. మిల్లులో ఆడించిన ఇంటి గోధుమపిండి కాదు సుమా, మాల్ట్ చేసిన గోధుమ. అటుకుల్లాగ ఒత్తిన బార్లీ దొరికితే అదీ బాగుంటాది, కాకపోతే బీరు కొంచెం మసకగా వస్తాది.

మాష్‌లో, అంటే గింజల్ని వేడినీళ్ళలో నానబెట్టే మెట్టులో, నువ్వు 50 డిగ్రీల దగ్గర అరగంట ఆపేనని రాసేవు. అది పాతకాలం రెసిపీ. వెనకట మాల్ట్ సరిగ్గా మొలకెత్తేది కాదు, లోపల ప్రొటీన్లు గట్టిగా ఉండేవి, వాటిని విరగ్గొట్టడానికి ఆ మెట్టు కావలసి వచ్చేది. ఇప్పుడొచ్చే మాల్ట్ ఆ పని ముందే చేసుకుని వస్తాది, నువ్వు మళ్ళీ అరగంట అక్కడ నానబెడితే నురగకి కావలసిన ప్రొటీన్లని కూడా ముక్కలు చేసి పారేస్తున్నావు. తిన్నగా 66, 67 డిగ్రీల దగ్గర గంట పెట్టు, ఆఖర్న 72 దగ్గర ఓ పావుగంట ఆపితే ఇంకా మంచిది. ఈ ఒక్క మార్పుతోనే సగం బాగుపడతాదని నా అంచనా.

హాప్స్ గురించి ఎక్కువ చెప్పను, చేదు మరీ తక్కువ పెట్టుకున్నావు, కొంచెం పెంచు. ఆ పేకెట్టుని గుణుపురం ఎండలో అలమరలో పెట్టకు, ఫ్రీజర్లో పెట్టు, వేడికి చేదు చచ్చిపోతాది.

అసలు తంటా ఈస్ట్ దగ్గర. ఏప్రిల్‌లో, గదిలో 33 డిగ్రీలు, పది రోజులు. ఏల్ అనే మామూలు రకం బీరు ఈస్ట్‌కి 18 నుంచి 20 డిగ్రీలు హాయి. 33లో అది పిచ్చెక్కినట్టు పనిచేసి, ఘాటు ఆల్కహాల్‌లు వదిలి, పని అయిపోయేక అలిసిపోయి అడుగున చచ్చి కరగడం మొదలెడతాది. అలా కరిగినప్పుడు దాని కడుపులోని కొవ్వులు, ప్రొటీన్‌ని కోసే ఎంజైములు బీరులోకి వస్తాయి. అంటే నువ్వు కష్టపడి సంపాదించిన ప్రొటీన్‌ని నీ ఈస్టే కూర్చుని కోసేస్తోంది. అందుకే కొందరి బీరుకి మొదటివారం నురగ బాగానే ఉండి నెల తిరిగేసరికి పోతాది. సీసాలు ఎండకాలంలో అటక మీద పెట్టినా ఇదే జరుగుతాది.

మన దగ్గర దీనికి ఖరీదైన ఫ్రిజ్‌లు అక్కర్లేదు. బిందెకి తడిబట్ట చుట్టి నీళ్ళు చల్లబెట్టుకున్న జనం కదా మనం. ఫెర్మెంటర్‌ని, అంటే బీరు పులిసే డబ్బాని, పెద్ద టబ్బులో సగం దాకా నీళ్ళలో నిలబెట్టు, మీద తడి గోనెసంచి కప్పు, ఫ్యాను పెట్టు, పొద్దునా సాయంత్రం లీటరు నీళ్ళసీసా గడ్డకట్టించి టబ్బులో పడెయ్యి. గదికన్నా బాగానే దిగుతాది, మొదటి మూడు రోజులు కాపాడితే చాలావరకు గండం గడిచినట్టే. అదీ కుదరకపోతే నవంబరు నుంచి జనవరి మధ్య కాయి. లేదంటే క్వైక్ అని నార్వే పల్లెటూళ్ళ ఈస్ట్ ఉంది, 35 డిగ్రీల్లో కూడా నవ్వుకుంటూ పనిచేస్తాది, ఏప్రిల్‌లో గంజాం, గజపతి, రాయగడ వాళ్ళకి దేవుడిచ్చిన ఈస్ట్ అది.

ఒకటి గుర్తుపెట్టుకో, నురగ సరుకు ఒకసారి వాడితే అయిపోతాది. ఫెర్మెంటర్లోంచి పొంగి బయటికి పోయినదీ, సీసా ఊపినప్పుడు లేచి దిగినదీ మళ్ళీ పూర్తిగా తిరిగి రాదు. "గ్యాసు ఎక్కిందా లేదా" అని రోజూ సీసా ఎత్తి ఊపి చూసుకుంటున్నానని రాసేవు చూడు, మానెయ్యి.

ఇక గ్యాసు. దీనికి గోలీసోడా కొట్టువాడిని మించిన మాస్టారు లేడు. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషువాడు 1872లో ఆ గోలీ సీసాకి పేటెంట్ తీసుకున్నాడు, అక్కడ ఎప్పుడో మూలపడింది గానీ మన వీధుల్లో ఇంకా టప్ మంటూనే ఉంది. సోడా కొట్టేవాడు నీళ్ళు చల్లగా ఉండాలంటాడు ఎందుకో తెలుసా? సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీటిలో మామూలు గాలి ఒత్తిడికి సుమారు 1.7 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ కరుగుతాది, 20 దగ్గర 0.9 లోపే, 40 దగ్గర అర లీటరుకి కాస్త పైన. చల్లదనం గ్యాసుని లోపల పట్టుకుంటాది, వేడి తరిమేస్తాది.

దీంతో నీ రెండు చిక్కులు విడిపోతాయి. బీరులో గ్యాసుని వాల్యూమ్‌లలో కొలుస్తారు, లీటరు బీరులో రెండున్నర లీటర్ల గ్యాసుంటే 2.5 వాల్యూమ్‌లు. నీ తేలికపాటి ఏల్‌కి 2.4, 2.5 చాలు. ఫెర్మెంట్ అయిపోయిన బీరులో 25 డిగ్రీల చుట్టుపక్కల ముందే 0.7 పైచిలుకు మిగిలి ఉంటాది. మన పంచదార లీటరుకి 4 గ్రాములు వేస్తే ఇంకో వాల్యూమ్ వస్తాది, అటూఇటూగా. కాబట్టి లీటరుకి ఆరున్నర గ్రాములు, 20 లీటర్లకి 130 గ్రాములు. డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజు పొడి, వాడితే ఓ 15 శాతం ఎక్కువ వెయ్యాలి. బెల్లం వద్దు, అందులో తేమెంతో మడ్డెంతో ఏ దిమ్మకా దిమ్మే లెక్క. నువ్వు వేసిన 200 గ్రాములు అంటే 3.2 దాకా వెళ్ళిపోయేవు, అది గట్టి సీసాల్లో పట్టే గోధుమ బీరు లెక్క, వాడేసిన 650 మిల్లీలీటర్ల బీరు సీసాలకి కాదు.

మరి 150 వేసినప్పుడు సగం చప్పగా సగం పొంగుగా ఎందుకయ్యేయి? చక్కెర కలవలేదు, అంతే. పొడి చక్కెర బకెట్ పైన జల్లి గరిటెతో రెండు తిప్పులు తిప్పేనన్నావు, అది అడుక్కి దిగి కూర్చుంది, కుళాయి కింద ఉంది కాబట్టి మొదట నింపిన సీసాలకి పాయసం, ఆఖరివాటికి గంజి. చక్కెరని ఒక గ్లాసు నీళ్ళలో కాచి చల్లార్చి ఆ పాకాన్ని ఖాళీ బకెట్ అడుగున ముందు పోసి, దానిమీదకి ట్యూబుతో బీరు మెల్లగా సుడి తిరిగేలా దింపు, అదే కలుస్తాది, ఆఖర్న మెల్లగా ఒక తిప్పు చాలు. చక్కెర చెంచాతో కాదు, కాటా మీద తూచు.

సీసాల్లో నింపే ముందు హైడ్రోమీటర్, అంటే బీరు సాంద్రత చూపే గాజుగొట్టం, మూడు రోజులు ఒకే అంకె చూపించాలి. ఇది మాత్రం అడ్డదారి లేని చోటు. ఇంకా తినడానికి చక్కెర మిగిలి ఉంటే ఒక్కో పాయింటుకి, అంటే 1.012 నుంచి 1.011కి దిగితే, సుమారు అర వాల్యూమ్ గ్యాసు అదనంగా వస్తాది. నాలుగు పాయింట్లు మిగిలిన బీరుకి సీసా మూత బిగిస్తే నువ్వు బాంబు బిగించినట్టే. కల్లు తెచ్చిన రోజు బీరు సామాను ముట్టుకోకు అని మా దగ్గర పనివాళ్ళకి చెప్పేవాణ్ణి, ఆ కుండలోని అడవి ఈస్ట్ చొరబడితే మామూలు ఈస్ట్ వదిలేసిన పెద్ద చక్కెరలు కూడా తినేస్తాది, రెండు నెలల తరవాత సీసాలు పేలుతాయి.

పేలడం అంటే నాకు తెలుసు. పర్లాకిమిడి వచ్చిన మొదటి వేసవి అల్లం సోడా 12 గాజుసీసాలు చేసి, ఫ్రిజ్‌లో చోటు లేక పెంకుటింటి అటక మీద పెట్టి, అక్కడున్నాయన్న మాటే మర్చిపోయేను. మే నెల మధ్యాహ్నం అందరం భోజనాల దగ్గర ఉండగా ఒకటి పేలింది, దాని దెబ్బకి పక్కది, తరవాత ఇంకోటి, గాజుముక్కలు ఆవకాయ జాడీ మూత మీద దాకా వచ్చి పడ్డాయి. ఎవరికీ తగల్లేదు, మా అమ్మ మాత్రం రెండు నెలలు నన్ను "సోడా మాస్టారు" అనే పిలిచింది. చూడు ఎందుకంటే, 2.5 వాల్యూమ్‌లున్న సీసాలో 20 డిగ్రీల దగ్గర గేజి మీద ఒత్తిడి సుమారు 28 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) ఉంటే అదే సీసా 40 డిగ్రీలకి 50 దాటిపోతాది. చక్కెర గింజ కూడా కలపకుండానే, ఉట్టి ఎండకే. నువ్వేమో రెండోసారి సీసాల్లో మిగిలినవాటిని 3.2 వాల్యూమ్‌లతో అటక మీద పెట్టేనని రాసేవు.

కాబట్టి మిగిలిన ఆ సీసాల పని ఇవాళే చూడు. కళ్ళజోడు పెట్టుకుని, మందపాటి గోనెసంచి చుట్టి, ఎండ తగ్గి పొద్దుపోయేక దింపి ఫ్రిజ్‌లో పెట్టు, రెండు రోజులు బాగా చల్లబడ్డాక ఒక్కోటి మూత కొద్దిగా లేపి గ్యాసు వదిలి మళ్ళీ కొత్త మూత బిగించు. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకు.

మళ్ళీ కాసినప్పుడు ఒక చిట్కా. ముప్ఫై సీసాల్లో ఒకటి మాత్రం కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాలో నింపు, గాలి లేకుండా నొక్కి మూత బిగించు. అదే నీ మీటరు. రోజూ వేలితో నొక్కి చూడు, కొత్త సోడా సీసాలాగ రాయిలా అయ్యిందంటే మిగతావి కూడా తయారే. 22, 25 డిగ్రీల మధ్య రెండు మూడు వారాలు పడతాది. డిసెంబరులో కోరాపుట్ వైపు రాత్రి పది డిగ్రీల లోపుకి దిగిపోతాది, అక్కడ సీసాలు బయట పెడితే ఈస్ట్ దుప్పటి కప్పుకుని పడుకుంటాది, చప్పగా వచ్చిందని చక్కెర పెంచేస్తారు, వేసవి రాగానే ఈస్ట్ లేచి మొత్తం తింటాది. ఆ తప్పు చెయ్యకు, గదిలోకి తెచ్చుకో చాలు. ప్లాస్టిక్ సీసా గట్టిగా ఉన్నా గాజు సీసాల్లో కొన్ని చప్పగా ఉంటే అప్పుడు మూతల మిషను చూడు, మూత తిప్పితే తిరిగిందంటే బిగవలేదు.

తయారయ్యేక ఫ్రీజర్లో గంటసేపు పెట్టి తాగెయ్యకు. సీసా పైభాగంలో ఉన్న గ్యాసు చల్లబడ్డ బీరులోకి దిగడానికి ఫ్రిజ్‌లో రెండు రోజులైనా కావాలి. పొయ్యగానే బుస్సుమని పెద్దపెద్ద బుడగలతో లేచి పడిపోయే నురగకి సగం కారణం ఈ తొందరే.

కెగ్, అంటే గ్యాసు ఎక్కించే స్టీలు పీపా, కొనమంటావా అని చివర్లో అడిగేవు. ఇప్పుడే వద్దు. కొన్నాక మాత్రం 4 డిగ్రీల దగ్గర 12 పీఎస్‌ఐ చుట్టుపక్కల పెట్టి వారం పది రోజులు వదిలెయ్యి, ఊపి ఒక్కరోజులో ఎక్కించాలని చూడకు, నురగ సరుకు అరిగిపోతాదని పైన చెప్పేను కదా. కోరాపుట్‌లాంటి 870 మీటర్ల ఎత్తులో గేజి మీద ఇంకో ఒకటిన్నర పీఎస్‌ఐ కలుపుకోవాలి, అక్కడ గాలి ఒత్తిడే తక్కువ. సిలిండరు నింపించేటప్పుడు వెల్డింగు షాపు గ్యాసు కాకుండా ఫుడ్ గ్రేడ్ అడుగు.

పొయ్యడం కూడా కొంచెం మార్చుకో. గ్లాసుని చన్నీళ్ళతో కడిగి తడిగానే పట్టుకో, మొదట పక్కకి వంచి సగం పొయ్యి, తరవాత నిలబెట్టి నడిమధ్యలో ధైర్యంగా పొయ్యి. అంచు వెంబడి భయం భయంగా పోస్తే నురగ లేవదు, గ్యాసంతా నీ కడుపులోకి పోతాది. రెండు వేళ్ళ ఎత్తు నురగ లేపి ఓ నిమిషం ఆగు.

ముందు ఆ రెండు గ్లాసుల పరీక్ష చేసి ఏటయిందో రాయి. చాకలి సోడాతో కడిగిన గ్లాసులో నిలిచిందంటే మాష్ జోలికీ ఈస్ట్ జోలికీ పోనక్కర్లేదు, చక్కెర 130కి దించి మీ ఇంట్లో గిన్నెలు తోమే పీచు మార్చు.